దారిలో ఉన్న గొంతు

నందిగామలో ఎనిమిదింబావు బస్సెక్కి జగ్గయ్యపేట డిగ్రీ కాలేజీకి రావడం, తొమ్మిదికల్లా హాజరు పిలవడం బాటనీ లెక్చరర్ ప్రేమకుమారికి పదకొండేళ్ల అలవాటు. ఇరవై మూడో నంబరు పిలిస్తే మడకం జోగమ్మ లేచి పెదాలు కదిపేది. "ప్రెజెంట్ మేడమ్" అన్న మాట మాత్రం ఇరవై నిమిషాలకు, పాఠం మధ్యలో వినబడేది. ఎవరూ తల తిప్పేవాళ్లు కాదు. పిల్ల చింతూరు అడవుల అవతల నుంచి వచ్చింది, గొంతు అంత దూరం నుంచి రావాలి కదా మరి.

మొదటి నెలంతా ఆ గొంతు వచ్చేలోపే ప్రేమకుమారి రిజిస్టరు మూసేసింది. ఎదురుగా నిలబడ్డ పిల్లకి ఆబ్సెంటు వేసినందుకు ఆమెకి ఇప్పటికీ సిగ్గే.

కిందటి సెమిస్టరు ప్రాక్టికల్స్‌కి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మూడు ప్రశ్నలడిగి, సున్నా వేసి, వెళ్లిపోయాడు. మూడు జవాబులూ ఖాళీ ల్యాబులో వినబడ్డాయి. మూడూ సరైనవే. ఈసారీ తప్పితే చదువు మానేసి ఇంటికెళ్లిపోతానని జోగమ్మ చెప్పేసింది. వాళ్ల ఊళ్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే.

ఈసారి ఎగ్జామినరు తిరుపతిరావు గారు. గడియారం మనిషి, ఒక్కొక్కరికీ మూడు నిమిషాలంటే మూడే. బతిమాలి లాభం లేదని ప్రేమకుమారికి తెలుసు. కానీ వచ్చిన ఎగ్జామినరుకి కాలేజీవాళ్లు భోజనం పెట్టడం ఆనవాయితీ. అందుకని భోజనానికి ముందు ఆఖరి పేరు జోగమ్మది పెట్టి, క్యారియరు ల్యాబులోకే తెప్పించింది.

ఆయన ఇప్పపువ్వు చూపించి, దీని సంగతేమిటో చెప్పమన్నారు. జోగమ్మ పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. ఆయన పెన్ను తీశారు.

"ముందు భోంచెయ్యండి సార్, చల్లారిపోతుంది. మార్కులెక్కడికి పోతాయండి?" అంటూ ప్రేమకుమారి బల్ల మీద విస్తరాకు వేసేసింది.

పప్పు, గోంగూర, మళ్లీ పప్పు. ఆయన వద్దంటున్నా ఆగలేదు. సొంత ఆడపడుచులకి కూడా ఆమె అంత కొసరి కొసరి వడ్డించి ఎరగదు. ఆయన పెరుగన్నం కలుపుతుండగా మాట వచ్చింది. ముందు కోయ భాషలో పువ్వు పేరు, తర్వాత తెలుగు పేరు, వెనకే లాటిన్ పేరు, సపోటా కుటుంబమని కూడా. అక్కడితో ఆగలేదు. తెల్లారకముందే రాలుతుందని, ఎండెక్కకుండా ఏరుకోవాలని, పూత పలచనైన ఏడాది ఊళ్లో ఎవరిళ్లలో పొయ్యి వెలగదో కూడా చెప్పింది.

తిరుపతిరావు గారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ఎడంచేత్తో పెన్ను అందుకుని వంకరటింకరగా పదికి తొమ్మిది వేశారు. ప్రేమకుమారి పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది.

మిగతావాళ్ల పరీక్షలూ ముగించి, సంచీ భుజాన వేసుకుని, ఆయన గుమ్మం దగ్గర జోగమ్మని చూసి ఆగారు.

"డిగ్రీ అయ్యాక పీజీ చదువుతావా అమ్మా?"

జోగమ్మ పెదాలు కదిలాయి. బయట ఆయన ఎక్కాల్సిన నందిగామ బస్సు హారన్ కొట్టింది. తిరుపతిరావు గారు సంచీ దించి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బస్సు వెళ్లిపోయింది. ఇరవై నిమిషాలూ ఆయన గడియారం వంక చూడలేదు.

"చదువుతా సార్."

అది విన్నాకే ఆయన లేచారు.