మామకు లూసర్న్ గడ్డి

పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లకముందే రామాంజినమ్మ కొడవలి పట్టుకుని బావికాడి మడికి పోవాలి. లేత లూసర్న్ గడ్డి రెండు పిడికిళ్ళు కోసుకురావాలి. తడిగా ఉంటే ఒక తప్పు, వాడిపోతే ఇంకో తప్పు. ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి దూలం మీద ఉడత సిద్ధంగా కూర్చుని ఉంటుంది.

"ఏమ్మే, అంతా కాడలే తెచ్చినావే? కండ్లు యాడ పెట్టుకోని కోసినావు?"

ఆ ఉడత ఆమె మామ కదిరప్ప.

ఆయన పోయి ఎనిమిది నెలలయింది. కర్మనాడు పెద్దాయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టాలని అందరూ మధ్యాహ్నం దాకా కాచుకున్నారు. ఆ కరువులో కాకులు కూడా ముదిగుబ్బ చుట్టుపక్కల విడిచి ఎటో పోయాయి. ఆఖరికి గోడ మీంచి ఒక ఉడత పిల్ల దిగొచ్చి, విస్తరి ముట్టి, "కూరలో ఉప్పు చాల్లేదు" అంది. అచ్చం కదిరప్ప గొంతు. కొడుకు ఎర్రిస్వామి, రామాంజినమ్మ మొగుడు, సాష్టాంగపడి లేచాడు. చుట్టాలు హమ్మయ్య అనుకుని చేతులు కడుక్కుని భోజనాలకు కూర్చున్నారు.

బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆయన మాటే మాట. చచ్చినాకైనా కాస్త తెరిపి దొరుకుతుందనుకుంటే, తలుపు సందులో కూడా దూరగలిగే రూపంలో వచ్చి కూర్చున్నాడు మహానుభావుడు. ఉట్టి మీది చట్టిలోకి తొంగి చూస్తాడు. పొయ్యిలో కట్టె ఎక్కువైందంటాడు. అవన్నీ ఆమె ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది ఆ మడి ఒక్కటే.

పంతొమ్మిది వందల ఎనభై ఐదో సంవత్సరం అది. బావిలో నీళ్ళు ఒక్క మడి తడపడానికి మాత్రం ఊరుతున్నాయి. ఆ మడిలో కదిరప్ప తన ఎద్దుల జతకు లూసర్న్ వేసుకున్నాడు. ఒక్క మడి గడ్డి రెండెద్దులకు ఏ మూలకు? మేపలేక సంతలో అమ్మేశారు. ఆ దిగులుతోనే పెద్దాయన మంచం పట్టి పోయాడు. ఇప్పుడు ఎద్దులు లేవు, గడ్డి మాత్రం ఉంది, పిడికెడు ఉడత కోసం. అదే మడిలో రాగి నారు నాటితే ఇంటిల్లిపాదికీ సంగటి. ఆమె పొద్దంతా ఎండలో కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టే బాధ తప్పుతుంది. అరచేతుల్లో బొబ్బలు ఆరే రోజు వస్తుంది. ఆమె అడిగింది అంతే.

"నాయనను అడుగుతా" అన్నాడు ఎర్రిస్వామి. దూలం కింద నిలబడి, చేతులు కట్టుకుని అడిగాడు కూడా.

"నా మడిలో రాగులా?" ఉడత తోక నిక్కబొడుచుకుంది. "లూసర్న్ ఎంత బలమో తెల్దా నీకు? ఎద్దుకైనా, ఉడతకైనా బలం బలమేరా."

"నాయన వద్దంటాండాడు" అన్నాడు ఎర్రిస్వామి, ఆమె అక్కడే నిలబడి వింటున్నా సరే.

వీధిలో వాళ్ళకు ఈ మాట దొరికింది. ఉడతకు లూసర్న్ జలుబు చేస్తుందని కొండప్ప అన్నాడు. కాదు, వేడి చేస్తుందని ఆయన తమ్ముడు. ఎలుక జాతికి గడ్డి ఏంది, గింజలు పెట్టమని సిద్దమ్మ. రామాంజినమ్మకు విసుగు నషాళానికి అంటింది. ఒక ఉడత తిండికి ఊరంతా పంచాయతీ చేస్తోంది గానీ, మూడు పూటలా మీరేం తింటున్నారమ్మా అని అడిగిన మనిషి లేడు.

అట్లా ఉండగా ఒకరోజు ఉడత దూలం దిగలేదు. వీపు గూని చేసుకుని మూలిగింది. ఉచ్చ రావడం లేదట. ఎర్రిస్వామి తువ్వాలులో చుట్టుకుని ముదిగుబ్బ పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు. వెనకాలే రామాంజినమ్మ. ఆనాటి కూలి పోయింది.

"వయసెంత?" అన్నాడు డాక్టరు.

"డెబ్బై రెండు సార్."

"ఉడతకు?"

"ఎనిమిది నెల్లు."

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. "ఏం పెడుతున్నారు?"

"లూసర్న్" అని ఉడతే జవాబు చెప్పింది. "పూటపూటా. కడుపు నిండా."

"అదే వచ్చిన తంటా. లూసర్న్ చెడ్డది కాదు పెద్దాయనా. పెరిగే పిల్లలకు, కడుపుతో ఉన్నవాటికి మంచి బలం. ఎముకలకు సున్నం కావాలి కదా, అది అందులో బాగా ఉంటుంది. ఎదిగినాక కూడా అదే మేస్తూ కూర్చుంటే, ఒంటికి పట్టని సున్నం లోపల రాయి కడుతుంది. ఎప్పుడైనా ఒక చిటికెడు చాలు. గింజలు, సొరకాయ, దోసకాయ తిను. నీళ్ళు బాగా తాగు."

"నా ఎద్దులు తిన్లేదా?"

"నువ్వు ఎద్దువా?" అన్నాడు డాక్టరు విసుగ్గా, మందు చేతిలో పెట్టి.

మందు పోసేది ఎవరు? రామాంజినమ్మే. దూది తడిపి నోట్లో నీళ్ళు పిండేదీ ఆమే. ఆయన బతికున్నప్పుడు ఎదురుగా నిలబడి మాట్లాడి ఎరగదు. ఇప్పుడు ఆ మనిషి బొబ్బల చేతిలో పడుకుని వణుకుతున్నాడు.

"గడ్డి పీకేయొద్దే" అన్నాడు సన్నగా. "ఎద్దులు తిరిగొస్తే ఏం పెడతావు?"

ఆమెకు ఈ ముసలాయన మీద జాలి పడాల్సి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. మళ్ళీ దూది తడిపి పిండింది.

మర్నాడు రాయి పడింది. కొర్రగింజంత ఉంది. దాంతోపాటే గొంతూ పోయింది. ఉడత లేచి, ఒళ్ళు దులుపుకుని, సొరగింజ పట్టుకుని కిచకిచమంది. ఇంకేం మాటలు రాలేదు. "రాయి పోయింది గదా, ఇంకేం కావాల" అని సిద్దమ్మ చూసిపోయింది.

ఇబ్బంది పడ్డది ఎర్రిస్వామి ఒక్కడే. ఆ వారం దుక్కి పదునుకు సరిపడా వాన పడింది, మడిలో ఏం వేయాలో నాయన చెప్పాలి. దూలం కింద నిలబడి, చేతులు కట్టుకుని అడిగాడు. కిచకిచ. మళ్ళీ అడిగాడు. కిచకిచ. దిక్కు తోచక పెళ్ళాం వైపు తిరిగాడు.

"మే, నాయన ఏమంటాండాడో చెప్పు. పొద్దస్తమానం ఆయనతో మాట్లాడేది నువ్వే గదా."

రామాంజినమ్మ ఉడత వైపు చూసింది. ఉడత ఆమెనే చూస్తూ గింజ కొరికింది.

"మడి దున్ని రాగి నారు నాటమంటాండాడు" అంది.

"అట్లనా. ఇంకా?"

"నన్ను కంకర పనికి పోవద్దంటాండాడు."

"సరే. నాయన మాట కాదంటామా" అని ఎర్రిస్వామి తువ్వాలు భుజాన వేసుకుని కొండప్ప ఎద్దులు అడగడానికి పోయాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ ఇంట్లో ఆమె మాట నెగ్గింది. అదీ మామ పేరు మీద నెగ్గింది. తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. లోపలికి పోయి ఇంకో సొరగింజ తెచ్చి ఉడత ముందు పెట్టింది.

"తిను మామా" అంది. "నువ్వు చెప్పాల్సినవి ఇంకా చానా ఉండాయి."