తొట్టెల కాడి నీడ

అది 2025 జూన్ పందొమ్మిది, గురువారం, పొద్దున పదిన్నర. ఎండ అప్పటికే గడప దాటి లోపలికి వచ్చింది. పాలకుర్తికి కూతవేటు దూరంలో ఉన్న ఆ రేకుల ఇంట్లో ఆ రోజు ఎవరూ పనికి కదల్లేదు. అత్త పెంటమ్మ పత్తి గింజలు పెట్టే కూలికి పోలేదు, కోడలు కీర్తన జనగామ బస్సు ఎక్కలేదు. యూనివర్సిటీ నుంచి విచారణకు సారు వస్తున్నాడని వాకిలి ఊడ్చి, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి పెట్టారు.

కీర్తన పీజీ చివరి సంవత్సరం. పెనిమిటి రాకేష్ హైదరాబాద్‌లో లారీ నడుపుతాడు. బిడ్డ అఖిలకు పదమూడు నెలలు. చదువుకునే తల్లులకు పిల్లల్ని చూసుకునే ఖర్చు యూనివర్సిటీ ఇస్తుందని తెలిసి కీర్తన దరఖాస్తు పెట్టుకుంది. నెలకు రెండు వేలు. పాలకుర్తిలో పిల్లల్ని చూసుకునే లత టీచర్ అడిగేదీ అంతే. షరతు ఒక్కటే: తల్లి కాలేజీకి పోయినప్పుడు బిడ్డను చూసేవాళ్లు ఇంట్లో ఉండకూడదు.

ఉన్నది నీడ ఒక్కటే.

కాన్పు తర్వాత కాలేజీకి పోయిన మొదటి రోజే కీర్తన నీడ ఆమె వెంట పోలేదు. గుమ్మం దాకా వచ్చి, తొట్టెలలో బిడ్డ ఏడుపు విని వెనక్కి మళ్లింది. "నీడ ఇంటికాడ్నే ఉన్నదా అక్కా?" అని బస్సు కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొడుతూ అడిగేవాడు. "ఆఁ, పిల్ల కాడున్నది" అనేది కీర్తన. ఆ ఇంటి ఆడవాళ్లకు అది కొత్త కాదు. పెంటమ్మ అత్తగారు కూడా నాట్లకు పోతూ మంచం పట్టిన తన మామగారి దగ్గర నీడను విడిచిపెట్టేదట. ఆయన కాలం చేశాక అది తిరిగి వచ్చింది గానీ, ఆమె కన్ను మూసేదాకా పలచగానే ఉండిపోయిందట.

అయితే నీడకు చేతులుండి ఏం లాభం? జోకొడుతుంది, పిల్లను చల్లగా కప్పుతుంది. పాలు తాపలేదు, ఎత్తుకోలేదు. మధ్యాహ్నం పెంటమ్మే చేనులోంచి ఉరికొచ్చి బువ్వ తినిపించి పోవాలి. పోయిన నెల అఖిల తొట్టెల దిగి పొయ్యి వైపు పాకింది. నీడ పోయి అడ్డంగా పడుకుంది. పిల్ల దాని మీంచే పాకిపోయి నిప్పుల బూడిదలో చెయ్యి పెట్టింది. అరచెయ్యంతా బొబ్బలు. ఆ రోజు నుంచి, కీర్తన ఇంట్లో ఉన్నా సరే, నీడ తొట్టెల విడిచి రావడం మానేసింది. లత టీచర్ దగ్గర పెట్టకపోతే చదువు బందేనని కీర్తనకూ ఆ రోజే తెలిసిపోయింది.

అందుకే ఆ పొద్దున తొట్టెల పక్కన నీడ కూర్చునే గోడకు అడ్డంగా దుప్పటి కట్టింది.

"అత్తమ్మా, సారుకు నీడ సంగతి చెప్పకు."

"అడగకపోతే నేనెందుకు చెప్త? అడిగితె మాత్రం దాయను బిడ్డా. పొద్దుగాల ప్రార్థన చేసిన నోరిది."

"నీ ప్రార్థన నా కొంప ముంచేటట్టున్నది."

"ముంచినా తేల్చినా ప్రభువే. కుర్చీ జరుపు, సారొస్తుండు."

సారు పేరు యుగేందర్. మెత్తటి మనిషి. నీళ్లు తాగి ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పగటిపూట నువ్వు ఇంటికాడ ఉంటవా అవ్వా?"

"ఉంటె తినుడెట్ల సారూ? ఏడింటికి పోతె పొద్దుగూకినంక వస్త. నడుమ ఒక్కపారి పిల్లకు బువ్వ పెట్ట ఉరికొస్త."

"నీ కొడుకు?"

"వాడు లారీకి కొడుకు సారూ, నాకు చుట్టం."

యుగేందర్ నవ్వాడు. అఖిల అరచెయ్యి చూసి "అయ్యో పాపం" అన్నాడు. "ఇగ నా సంతకమొక్కటే చెల్లె. వచ్చే నెల నుంచే పైసలు పడతయి."

సరిగ్గా అప్పుడే తొట్టెలలో అఖిల ఏడుపందుకుంది. కీర్తన అడుగు వేసేలోపే దుప్పటి అంచు కింది నుంచి నీడ జారి వచ్చింది. అలవాటు మరి. తొట్టెల మీదికి వంగి జోకొట్టింది. పిల్ల నోట్లో వేలు పెట్టుకుని కళ్లు మూసింది.

యుగేందర్ పెన్ను ఆగింది. "గిది ఎవరిది?"

కీర్తన అత్త వైపు చూసింది. పెంటమ్మ తల దించుకుంది.

"మా కోడలిదే సారూ. ఆమె కాలేజీకి పోతె గిదే కనిపెట్టుకొని ఉంటది."

"మా ఊరు రేగొండల మా చిన్నమ్మది గుడ గిట్లనే మిరప కల్లం కాడ కావలుంటుండె" అన్నాడాయన, పెన్ను మూత పెడుతూ. "కానీ చెల్లె, చూసేవాళ్లు ఉన్నరు గద. ఉన్నదాన్ని లేదని ఎట్ల రాయాలె?"

"అది పాలు తాపదు సార్. పిల్లను ఆపలేదు. చెయ్యి చూసిన్రు గద!"

"చూసిన. నా నౌకరి మీదికొస్తది తల్లీ. వచ్చే ఏడు మళ్ల పెట్టుకో."

కీర్తనకు ఇదే చివరి సంవత్సరం, వచ్చే ఏడుకు చదువెక్కడిది? తల్లి నీడ ఇంట్లో ఉంది, అర్హత లేదు అని రాసి, పెంటమ్మతో వేలిముద్ర వేయించుకుని ఆయన బండెక్కాడు.

"ఏమన్న అను బిడ్డా" అంది పెంటమ్మ. "అంటెనన్న నాకు జర తేలికైతది."

కీర్తన అత్తను వదిలేసి తొట్టెల వైపు తిరిగి నీడను అంది: "నువ్వొక్కదానివి లేకుంటె అయిపోతుండె."

నీడ తల ఎత్తలేదు. పొద్దు వాలాక పెంటమ్మ దుప్పటి విప్పితే గోడ ఖాళీగా ఉంది. కీర్తన తన కాళ్ల దగ్గర చూసుకుంది. అక్కడా లేదు. పక్కింటి లాలి మేకల్ని తోలుకొస్తూ చెప్పింది: "నీ నీడ తారు రోడ్డు పట్టుకొని పోతుండె వదినా. పిలిస్తె ఆగలే."

కీర్తన యుగేందర్‌కు ఫోన్ చేసింది. "సార్, అది ఎల్లిపోయింది. ఇప్పుడు నిజంగనే ఎవలు లేరు."

అవతల ఆయన గొంతు తగ్గించాడు. "పై సారుకు పంపిన చెల్లె. ఇగ నా చేతుల లేదు."

మర్నాడు తెల్లారి పెంటమ్మ ప్రార్థన మొదలుపెట్టి, నడుమనే ఆపేసి లేచింది. రెండు గిన్నెల్లో సద్ది కట్టింది. ఏడు గంటలకు అత్తాకోడళ్లిద్దరూ పిల్లను చంకనేసుకుని పత్తి గింజలు పెట్టబోయారు. చుట్టుపక్కల ఒక్క చెట్టూ లేని చెల్క చేను అది. కీర్తన గింజలు పెట్టే సాలు పక్కన చీర పరిచి బిడ్డను పడుకోబెట్టి, ఎండ తగలకుండా అడ్డంగా నిలబడింది. ఎండ ఆమె లోంచే పోయి పిల్ల మొహం మీద పడింది. కీర్తన అటు జరిగింది, ఇటు జరిగింది. పిల్ల కళ్లు చికిలించి ఏడుస్తూనే ఉంది.

పెంటమ్మ గింజల సంచి కింద పెట్టి, వచ్చి, పిల్లకూ పొద్దుకూ నడుమ నిలబడింది. "నువ్వు పో బిడ్డా" అంది. "నా సాలు గుడ నువ్వే పెట్టు."