మూడో నంబరు ముద్ర

మా ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ మందు పోసే చిన్న గాజు సీసాలు తయారవుతాయి. ప్రతి సీసానీ దీపం ముందు ఒకసారి తెల్ల అట్ట మీద, ఒకసారి నల్ల అట్ట మీద తిప్పి చూడాలి. బాగున్నది ట్రేలోకి, బాగా లేనిది ఎర్ర డబ్బాలోకి. పన్నెండేళ్ళుగా నా పని అదే. ఎదురుచూసేవాళ్ళకి కళ్ళు కాయలు కాస్తాయంటారు. నాకు ఎదురుగా ఉన్నదాన్ని చూసే కాశాయి.

పక్క బల్ల మా వదినది, అంటే మా అన్నయ్య భార్యది. నన్ను ఈ పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ ఆవిడే. చూసినవాళ్ళ నంబరు ప్రతి పెట్టె మీదా ముద్ర పడుతుంది. ఆవిడది మూడు, నాది పద్నాలుగు.

ప్రతి శుక్రవారం మాకు పరీక్ష. మా సూపర్‌వైజరు మాట్లాడుతున్నంతసేపూ వాచీ చూసుకుంటాడని గడియారం సారు అని పేరు పెట్టుకున్నాం. ఆయన ఒక్కొక్కరి సీసాల్లో పదేసి చెడ్డవి మాకు తెలియకుండా కలిపేస్తాడు. వాటి అడుగున నీలం దీపం కింద మాత్రమే కనిపించే చుక్క ఉంటుంది. మేం వాటిని అల్లుళ్ళంటాం. చెప్పకుండా వస్తారు, గుర్తుపట్టకపోతే పరువు తీస్తారు. పదిలో ఎనిమిదికి తగ్గితే బల్ల ఖాళీ చేసి పెట్టెల సెక్షన్‌కి పోవాల్సిందే. అక్కడ రోజంతా నిలబడాలి. మా ఇంటి మూడు మెట్లెక్కడానికే వదిన మోకాళ్ళు మొరాయిస్తాయి.

నాలుగు నెలల కిందట మా ఇంటికొచ్చినప్పుడు వదిన సూదీ దారం నా చేతిలో పెట్టి, ఎక్కించమంది. అలాంటి పని ఆవిడ ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. కుడికన్ను మసకబారిందని అప్పుడు తెలిసింది నాకు. ఆ వారం నుంచి ఆవిడ చూసేసిన ట్రేలు మోసుకెళ్ళే వంకతో వాటిని నేను మళ్ళీ చూడ్డం మొదలుపెట్టాను. దొరికినవాటిని గుట్టుచప్పుడు కాకుండా ఆవిడ ఎర్ర డబ్బాలో వేసేదాన్ని.

రెండు బల్లల పని రెండు కళ్ళతో. సాయంత్రానికి బస్సు మీది అంకెలు కూడా అలుక్కుపోయేవి. ఇంటికెళ్ళి దీపం వెయ్యకుండా పడుకునేదాన్ని. పిల్లలు పుస్తకం తెచ్చి చూపిస్తే కసిరేదాన్ని. చెడ్డ సీసా బయటికి పోవట్లేదు కదా, ఎవరికేం నష్టం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొన్న శుక్రవారం గడియారం సారు ఫలితాలు చదివాడు.

"మూడు, పదికి పది. పద్నాలుగు, ఆరు."

"ఇంకోసారి చూడండి సార్" అన్నాను.

"చూశానమ్మా. పోయిన వారం తొమ్మిది పట్టారు, ఈ వారం ఏమైంది? కాస్త మీ వదిన్ని చూసి నేర్చుకోండి. సోమవారం నుంచి పెట్టెల సెక్షన్‌కి వెళ్ళండి."

పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ మంట ఆరకముందే భయం పట్టుకుంది. సోమవారం నుంచి వదిన ట్రేలు ఎవరు చూస్తారు? నోరు విప్పితే ఆవిడ బల్ల పోతుంది. విప్పకపోతే పగిలిన సీసా ఏ ఆస్పత్రికో పోతుంది.

వదిన తన ఎర్ర డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"సార్, పొద్దుట్నుంచి నేనిందులో వేసింది పదకొండు. ఇప్పుడు పంతొమ్మిదున్నాయి. గాజు కూడా పిల్లల్ని పెడుతుందా?"

ఆయనకి అర్థం కాలేదు. వదిన నా వైపు తిరిగింది.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందట. ఇక్కడ రెండు పిల్లులున్నాయి. నా కన్ను పోయిందని నాకు తెలుసే. కుర్చీ వదల్లేక నోరు మూసుకున్నా. నీ కన్ను కూడా నేనే తినేస్తున్నానని ఇవాళే తెలిసింది."

"ఊరుకో వదినా."

"ఊరుకునే ఇంతదాకా తెచ్చుకున్నాం." ఆయన వైపు తిరిగి, "ఈ వారం మూడు, పద్నాలుగు ముద్రలున్న పెట్టెలు లారీ ఎక్కించకండి" అంది.

"రెండు వందల పెట్టెలమ్మా!"

"ఉండనివ్వండి. మెడలో చీలికుంటే గాజు పొడి మందులో రాలుతుంది. అది సూదిలోంచి ఎక్కడికెళ్తుందో మీకు నేను చెప్పాలా?"

ఆయన వాచీ చూసుకోలేదు. పెట్టెలు దింపించమని గోదాంకి ఫోన్ చేశాడు.

శని, ఆదివారాలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. సోమవారం నాకు మళ్ళీ పరీక్ష పెట్టారు. పది పట్టాను. సంతోషం మాత్రం కలగలేదు. వదినని పెట్టెల సెక్షన్‌లో వేశారు. ఆవిడ చేసిన మొదటి పని, ఆగిపోయిన మా పెట్టెల టేపు కోసి, ఒక్కో సీసా నా చేతికివ్వడం.

"కూర్చో వదినా" అన్నాను.

"నన్ను చూడకు. సీసాని చూడు."

మొదటి రోజు పని నేర్పుతూ అన్న మాట కూడా ఇదే. ఆవిడ మీద కోపం, జాలి, అలసట అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. దీపం వైపు తిరిగాను.

మొదటి పెట్టెలో ఆరో సీసా. మెడ కింద వెంట్రుకంత గీత. తెల్ల అట్ట మీద కనిపించలేదు. నల్లదాని మీద తిప్పాను. ఉంది.

"ఆగావేం?" అంది వదిన.

"చీలిక."

పెట్టె ఆవిడ చేతిలోనే ఉంది. కంటికి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పట్టుకుంది, ముద్ర ఆనలేదు.

"ఎవరిదే? నాదేనా?"

"కాదు వదినా" అన్నాను, ముద్ర చదివి. "పద్నాలుగు."

ఆవిడ ఎర్ర డబ్బా నా వైపు జరిపి, ఏడో సీసా చేతికిచ్చింది.