స్తంభం కింది ఎలుగుబంటి

పొయ్యి మీది పాల మీద ఓ కన్నేసి, ఆమె మొగుడి చొక్కాకి గుండీ కుడుతోంది. ఆ చొక్కా కోసమే నిలబడి ఉన్న మొగుడు, "ఇక రానని ఇవాళ చెప్పేసి రా," అన్నాడు.

వారానికి ఓ పూట పాత చర్చిలో రాతి జంతువుల్ని పిల్లలకి చూపిస్తుందామె. జీతం లేదు కాబట్టి అది పనే కాదని ఇంట్లో తీర్మానం. "రాళ్ళకి కాపలా" అని అత్తగారు పేరు కూడా పెట్టింది. మొగుడు మాత్రం పల్లెత్తు మాట అనడు. అదే వచ్చిన చిక్కు. "నువ్వు లేకపోతే ఈ ఇల్లు కూలిపోతుందోయ్!" అంటాడు, నలుగురిలో, నవ్వుతూ. పెళ్ళయిన కొత్తలో అది మెచ్చుకోలనుకుని మురిసిపోయింది, పిచ్చిమొహం. ఆ మాటతోనే ఉద్యోగం మాన్పించాడు. ఆ మాటతోనే ఆమె చెల్లెలి పెళ్ళి నుంచి భోజనాలైనా కాకుండా వెనక్కి లాక్కొచ్చాడు. ఇప్పుడు ఈ ఒక్క పూటకీ మూడింది. పోట్లాడదామంటే పట్టుకోడానికి ఒక్క చెడ్డ మాట దొరకదు. గుండీ దారం తెంపి సరేనంది.

చర్చిలో పిల్లలకి కాగితాలూ క్రేయాన్లూ పంచింది. రాతిబొమ్మ మీద కాగితం ఆన్చి రుద్దితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. తలుపు పక్కన నాలుక చాపిన సింహం దగ్గర ఒకటే కేరింతలు. ఆఖరికి, మూల స్తంభం కింద వీపు వంచి, కళ్ళు తేలేసిన ఎలుగుబంటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇది లేచిందంటే చర్చంతా కూలిపోతుంది," అంది, ఎప్పట్లాగే. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నాలుక చేదయింది.

"మరి రెస్టెప్పుడు దానికి?" అన్నాడొక పిల్లాడు.

"ఉండదు."

ముందు పళ్ళూడిన పిల్ల ఒకతి అప్పటికే స్తంభం పక్కకి దూరి, ఎలుగు వీపు మీద కాగితం ఆన్చబోయింది. "ఆంటీ! నా కాగితం ఇటు నుంచి అటు వెళ్ళిపోయింది!"

ఆమె నమ్మలేదు. మోకాళ్ళ మీద కూచుని తనే కాగితం పెట్టింది. వీపుకీ స్తంభానికీ మధ్య సన్నటి సందులోంచి అది ఎక్కడా తట్టుకోకుండా జారిపోయింది. స్తంభం బరువంతా వెనక గోడ మీదే ఉంది.

"అంటే ఇది ఏమీ మొయ్యట్లేదా?"

"లేదమ్మా."

"మరెందుకలా వంగి కూచుంది, పాపం?"

"అలా చెక్కారు."

ఆమెకి ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. పిల్లలు క్రేయాన్లు సర్దుతుండగా ఫోన్ మోగింది.

"చెప్పేశావా?" మొగుడు.

"లేదండీ. చెప్పను. పై వారం కూడా వస్తాను."

"మరి ఇల్లో?" నవ్వుతూనే అడిగాడు.

"ఏం కూలదు లెండి. కాగితం పెట్టి చూశాను."