అడుగంటిన గిన్నె

"మా పెద్దకోడలి చేతిలో పాలు అడుగంటడం నేనెప్పుడూ చూడలేదమ్మా." మాడిన గిన్నె తోముతుంటే మా అత్తయ్య మెల్లగా అన్న మాట ఇది. తిట్టినా బాగుండేది. ఆఫీసు నుంచి మేనేజరు ఫోన్ చేసి, ఒక్క నిమిషం అంటూ పావుగంట మాట్లాడితే పొయ్యి మీది పాల సంగతి నాకెలా గుర్తుంటుంది? ఆ తర్వాత గిన్నె మాడితే ఎవరికీ తెలియనివ్వలేదు. వాషింగ్ మెషీన్ వెనక దాచి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తోముకునేదాన్ని.

అత్తయ్య ఆరు నెలలు మా ఇంట్లో, ఆరు నెలలు బావగారింట్లో ఉంటుంది. వచ్చినప్పుడల్లా పెట్టెతోపాటు మా తోడికోడలి గొప్పలన్నీ మోసుకొస్తుంది. ఏడేళ్ళుగా వింటున్నాను. ఒకసారి ఉండబట్టలేక మా ఆయనతో చెప్పుకుంటే నవ్వాడు. "వదినంటే నీకు కుళ్ళు. ఆడవాళ్ళకి ఆడవాళ్ళంటేనే పడదు" అన్నాడు. అన్నగారు తనకంటే పెద్ద కారు కొన్నాడని ఏడాదిపాటు ఆ గుమ్మం తొక్కని మనిషి! దాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ పౌరుషం అన్నారు. అన్నదమ్ములిద్దరిలో గిన్నెలు ఎవరు బాగా తోముతారని ఇంతవరకూ ఎవరూ పోల్చి చూడలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళే. అక్కకి, అంటే మా తోడికోడలికి, జ్వరమని తెలిసినప్పుడు, హమ్మయ్య, ఆవిడా మంచమెక్కుతుందన్నమాట అనుకున్నాను. చూడటానికి వెళ్ళలేదు. నా కష్టం విడమర్చి చెప్పకుండానే అర్థమయ్యే మనిషి ఈ ఊళ్ళో ఆవిడొక్కతే. అది తెలిసీ వెళ్ళలేదు. ఏడేళ్ళూ గోడలతోనే మాట్లాడుకున్నాను.

నిన్న అత్తయ్యని తీసుకురావడానికి వాళ్ళింటికి వెళ్ళాను. చేతులు కడుక్కుందామని బాత్రూంలోకి వెళ్తే, తలుపు వెనక బకెట్ మీద తువ్వాలు కప్పి ఉంది. నా కాలు తగిలి అది జారింది. లోపల పాలగిన్నె, అడుగంతా నల్లగా.

వెనక్కి తిరిగితే అక్క. కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు ఆవిడ ముఖంలో. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "అత్తయ్యకి చెప్పకమ్మా. నువ్వు ఉద్యోగం చేస్తూ కూడా ఒక్కసారీ మాడ్చవట. రోజూ చెబుతుంది" అంది.

ముందు గదిలోంచి అత్తయ్య బయల్దేరదామని పిలుస్తోంది. ఐదు నిమిషాలు ఆగమని కేకేసి, నేను ఆ తడి నేల మీదే కూర్చున్నాను. గిన్నె ముందుకు లాక్కుని, పీచు కోసం చెయ్యి చాచాను.

"నాది వాషింగ్ మెషీన్ వెనక ఉంటుందక్కా."