పన్నెండో అంచు

మా ఇంట్లో కంప్యూటర్‌కు కూడా ఆయుధపూజ చేయాలన్నది మా మామ పట్టుదల. ఆయన పేరు కురుమూర్తి. గద్వాలలో యాభై ఏళ్లు చీరలు నేసిన మనిషి. మగ్గం అన్నం పెట్టింది కాబట్టి దానికి పూజ, అంచుల బొమ్మలన్నీ దాచిపెట్టుకుంది కాబట్టి కంప్యూటర్‌కూ పూజ అంటాడు. కాదనే నోరు నాకు లేకపోలేదు. కాదని ఆయన మీద గెలిచిన రోజు మాత్రం లేదు.

మూడేళ్ల కింద నీటికాసులొచ్చి ఆయన రెండు కళ్లూ పోయాయి. అప్పటికి ఆయన సొంతంగా ఊహించి కట్టిన అంచులు పదకొండు. అన్నీ నేసినవే, చీరలై ఎక్కడెక్కడో ఆడవాళ్ల ఒంటి మీద తిరుగుతున్నవే. పన్నెండోది మాత్రం కళ్లు పోయాక పుట్టింది. ఆయన మగ్గం పక్కన బల్ల మీద కూర్చొని చెప్పేవాడు, నేను కంప్యూటర్‌లో గళ్లు నింపేదాన్ని. "మూడు నింపు, రెండు ఇడిసిపెట్టు, మళ్ల ఒకటి నింపు." అట్లా నాలుగు నెలలు. దాన్ని కాగితం మీద గీసింది లేదు. ఉన్నవల్లా కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో దాని నకలు ఒకటి. దసరా వెళ్లగానే మగ్గానికి ఎక్కించాలి.

పూజనాడు కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి, పెన్‌డ్రైవ్‌ను పసుపు పక్కన పళ్లెంలో ఉంచాను. మామ చేత్తో తడిమి పట్టుకున్నాడు.

"ఇదేంది పద్మా, గిట్ల బయట పెట్టినవ్? పోగు తిప్పే నాడె మగ్గంల లేకుంట మగ్గానికి పూజెట్ల చేస్తం? దాని జాగల దాన్ని పెట్టు."

కంప్యూటర్‌కు గుచ్చి పెట్టాను. కొత్త అంచు మగ్గం ఎక్కే ముందు దేవుని కంట పడాలన్నది కూడా వాళ్ల తాతల నాటి పద్ధతే. అందుకని కంప్యూటర్ వేసి, పన్నెండో అంచును తెర నిండా తెరిచి ఉంచాను. మా అత్తమ్మ సాయమ్మ మగ్గానికీ దానికీ కలిపి హారతిచ్చింది. రేపు జమ్మికి పోయొచ్చేదాకా ఎవరూ పనిముట్టు ముట్టొద్దని అందరికీ చెప్పింది.

వంటింట్లోకి వెళ్లి ప్రసాదం తెచ్చేసరికి తెర మీద అంచు లేదు. ఎర్రటి రంగు, తెల్లటి ఇంగ్లిష్ అక్షరాలు, కింద గడియారం లాంటిదొకటి వెనక్కి నడుస్తోంది. దసరా ఆఫర్లేమో అనుకున్నాను. మా ఆయన తిరుపతి తెర దగ్గరికి వచ్చి ఒక్కో ముక్క కూడబలుక్కుంటూ చదివాడు.

"మీ ఫైళ్లకు తాళమేసినం అంటుండు. మూడు దినాల్ల పైసలు పంపితె తాళంచెవి ఇస్తడంట."

"ఎవరేసిండ్రు? ఇంట్ల మనం తప్ప ఎవరున్నరు?" అన్నాను.

"నాకేం తెల్సు?"

తెర మీద ఆ ఎరుపు కప్పని పక్కన పన్నెండో అంచు ఫైలు పేరు చూశాను. నేను పెట్టిన పేరు అక్కడే ఉంది, దాని చివర నేనెన్నడూ చూడని అక్షరాల తోక మొలిచింది. దాని బొమ్మ పోయి తెల్ల కాగితమైంది. నేను చూస్తుండగానే కింది ఫైలుకూ అదే తోక వచ్చింది. ఇది తమాషానా, రోగమా, దేవునికి ఏమైనా కోపమొచ్చిందా, ఒక్కటీ అర్థం కాలేదు. చెయ్యి చాపాను. అత్తమ్మ టక్కున పట్టుకుంది.

"ముట్టకు! చెప్పిన గద, రేపటిదాంక పనిముట్టు ముట్టొద్దని."

"ఏదో అయితుంది అత్తమ్మా..."

"రేపు జూస్కో. యాడికి పోతది?"

ముగ్గురం చేతులు కట్టుకొని నిలబడ్డాం. మూడోదానికి తోక వచ్చింది. నాలుగోదానికి వచ్చింది. నాకు మాత్రం ఒక సంగతి గుర్తొచ్చింది. మూడు రోజుల కింద అంచులకు గళ్ల గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ ఉత్తగా దొరుకుతోందని నెట్‌లోంచి దింపాను. ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపమంది, ఆపాను. దొంగ వచ్చి కుక్కను కట్టేయమంటే కట్టేసినట్టు.

బల్ల మీద కూర్చున్న మామ తల పైకెత్తాడు.

"ఎవరు పని చేస్తుండ్రు?"

"ఎవరు లేరు మామా."

"మరి ఆ గరగర ఏంది? పొద్దుగాల గట్ల లేకుండె." ఆయన చెవి కంప్యూటర్ వైపు పెట్టాడు. పాత డబ్బా అది, పని ఎక్కువైతే లోపల గరగరలాడుతుంది. "మనిషి ముట్టకుంట పనిముట్టు యాడ నడుస్తది? పూజనాడు నడిసేది మన పని గాదు. దొంగ పని."

గోడ పట్టుకొని వచ్చాడు. స్విచ్ బోర్డు తడిమి వైరు పీకేశాడు. కుంకుమ పళ్లెం కింద పడింది. అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. గరగర ఆగింది.

మరునాడు జమ్మి అయ్యాక ఇమ్మానుయేల్ వచ్చాడు. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే పిల్లగాడు, తిరుపతి దోస్తు తమ్ముడు. వస్తూనే ఇంటర్నెట్ వైరు పీకాడు, పెన్‌డ్రైవ్ గుంజాడు. తిరుపతి ఫోన్లో తీసి పెట్టిన ఎర్ర తెర ఫొటో చూశాడు.

"రాన్సమ్‌వేర్ అంటరక్కా దీన్ని. ఫైలు పేర్లకు తోకలు రావాలె, ఒక్కటి తెరుసుకోవద్దు, పైసలడగాలె. మూడు గలిసినయంటె ఇదే. కనబడంగనె ఈ రెండూ పీకాలె. మీరు రెండూ పెట్టి హారతిచ్చిండ్రు!"

ఎవరికీ నవ్వు రాలేదు. డిస్కు విప్పి తన దుకాణానికి పట్టుకుపోయి, సాయంత్రానికి తిరిగి వచ్చాడు. మామ సమయానికి వైరు పీకడంతో పాత అంచులు ఎనిమిది మిగిలాయట. పోయిన మూడింటికి చీరలున్నాయి, చూసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. పన్నెండోదానికి మాత్రం కంప్యూటర్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ తాళం పడింది.

"పైసలిస్తె?" అన్నాడు తిరుపతి.

"ఇస్తె తాళంచెవి ఇస్తడని ఎవరు పూచీ అన్నా? సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ జెయ్, కంప్లెయింట్ రాసుకుంటరు. తాళమేసిన ఫైలు మాత్రం పారేయకుండ్రి. ఎప్పుడన్న ఆ దొంగలు దొరికితె తాళంచెవి బయటకొస్తది. రాకపోవచ్చు గూడ."

అప్పుడు చెప్పాను, యాంటీవైరస్ నేనే ఆపానని. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అత్తమ్మ నన్ను తిట్టలేదు. "ముట్టకన్నది నేను గద," అంది మెల్లగా. మామ అడ్డం పడ్డాడు. "దాన్ని దాని జాగల పెట్టుమన్నది నేను. ఇంక ఊకోండ్రి."

తాళం పడిన అంచున్న పెన్‌డ్రైవ్‌ను విడిగా దాచి, కంప్యూటర్ మొత్తం తుడిచి మళ్లీ కొత్తగా ఎక్కించాం. ఇప్పుడు నకళ్లు రెండు కొత్త పెన్‌డ్రైవుల్లో ఉన్నాయి. ఒకటి అత్తమ్మ ట్రంకుపెట్టెలో తాళం వేసి ఉంటుంది. పని అయిన వెంటనే తనే గుంజి తీసుకుపోతుంది.

వారం తర్వాత మామ బల్ల మీద కూర్చొని మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. "మూడు నింపు, రెండు ఇడిసిపెట్టు." పది వరుసలయ్యాక ఆగాడు.

"గాడ రెండా, మూడా?"

నాలుగు నెలలు నా చేత్తో నింపిన గళ్లు. ఎంత తలకొట్టుకున్నా గుర్తు రాలేదు. కంప్యూటర్‌లో ఉంది కదా అని నేను మనసులో పెట్టుకోలేదు. నాకు చెప్పేశాడు కదా అని ఆయన వదిలేశాడు.

"తెల్వదు మామా," అన్నాను. ఆయన ముఖం చూడలేక ఏడ్చాను.

ఇప్పటికి పన్నెండో అంచులు మూడయ్యాయి. మూడూ వేరు వేరు. ఒకటి మగ్గానికి ఎక్కించి జానెడు నేశాం. మామ వేళ్లతో దాన్ని అటూ ఇటూ తడిమాడు. "బాగుంది బిడ్డా. గని ఇది అది గాదు."

రోజూ పొద్దున చాయ్ తాగుతూ అదే మాట అడుగుతాడు. "తాళంచెవి దొరికిందా?"

మొన్న "దొరికింది మామా, ఇగో ఇదే ఆ అంచు" అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనకు కనబడదు కదా. కానీ ఆ వేళ్లకు కనబడుతుంది.

"లేదు మామా," అన్నాను. "చెప్పు, నింపుత." నాలుగోదానికి కూర్చున్నాను.