ఎవరూ లేని గ్రహం

ఐదు మరీ అంత చెడ్డ అంకె ఏమీ కాదు, చేతికి ఐదు వేళ్ళుంటాయి, వాటితోనే తింటాం, వాటితోనే రాస్తాం, బళ్ళో పదికి ఐదు వస్తే పాసైనట్టే కదా, అని తనకి తానే సర్దిచెప్పుకుంటూ ఆమె సోఫా చివర, అవసరమైతే లేచి పారిపోవడానికి వీలుగా కూర్చుని ఉంది, ఎదురుగా వదిన ఇస్త్రీ చేసిన ప్యాంటును కుర్చీ మీద వేసి, వేలి కణుపుతో కుర్చీ వీపును రెండుసార్లు తట్టింది, ఏ పని పూర్తయినా అలా తట్టడం వదినకి అలవాటు, సూట్‌కేసు సర్దినా అంతే, కుక్కరు దించినా అంతే, తర్వాత నీలం చొక్కా పరిచి నీళ్ళు చిలకరించింది, ఇస్త్రీ పెట్టె తగలగానే చుయ్యిమంది, రేపటి మీటింగుకి వేసుకునే చొక్కా అది, వదిన వాళ్ళ జట్టును ఉంచాలో పంపించెయ్యాలో రేపే తేలుస్తారు, వాళ్ళు తయారుచేసిన కంప్యూటర్ ఆటకి విమర్శకులు వేసిన మార్కుల సగటు చూసి తేలుస్తారు, ఆ సగటును మొదట కిందికి లాగిన చెయ్యి తనదే, ఈ ఐదు వేళ్ళ చెయ్యే, ఇప్పుడు అన్నయ్య ఇచ్చిన టీ కప్పు పట్టుకుని ఏమీ ఎరగనట్టు ఉంది.

అన్నయ్య వంటింట్లోంచి, ఏమే విమర్శకురాలా, టీకి ఎన్ని మార్కులు, చక్కెర తక్కువైతే ఇక్కడే చెప్పెయ్, పత్రికలో వెయ్యకు, అని అరిచాడు, ఆమె నవ్వాలని చూసింది, తేలు కుట్టిన దొంగ నవ్వు ఎలా ఉంటుందో అలాగే వచ్చింది, ఎనిమిది వేస్తాలే అన్నయ్యా అంది, అబ్బో, మీ వదిన రెండేళ్ళు నిద్ర మానుకుని రాస్తే ఐదు, నేను కాసిని నీళ్ళు మరగబెడితే ఎనిమిదా, అన్నాడు అన్నయ్య, పాపం జోకనే అనుకున్నాడు, వదిన తలెత్తకుండానే, ఊరుకోండి మీరు, దాని ఉద్యోగం అది చేసింది, అంటూ కాలరు తిప్పింది, ఉద్యోగం చేసిందట, ఆ మాట కంటే ఇస్త్రీ పెట్టె తెచ్చి అరచేతి మీద పెట్టినా నయంగా ఉండేది.

చేసిందా ఉద్యోగం, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో వదినకి తెలిస్తే ఆ మాట అనేదా, సంపాదకుడు ఉన్నాడే, అందరి వాక్యాలూ సగానికి నరుకుతాడని కత్తెర అంటారు ఆయన్ని, ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చి మరీ అడిగాడు, ఆ అంతరిక్షం ఆటకి ఎక్స్‌పాన్షన్ వచ్చిందమ్మా, అదే ఆటకి కొత్త భాగం, కొత్త గ్రహం, కొత్త కథ, కాకపోతే మాటలు రాసింది మీ వదిన కదా, ఇంకెవరికైనా ఇద్దామా, అప్పుడే ఇచ్చెయ్యండి సార్ అంటే సరిపోయేది, ఇంతలో పక్క కుర్చీలోంచి సినిమా పేజీ చూసే అతను, ఇంటివాళ్ళ ఆట, తొమ్మిది ఖాయం, అని కిసుక్కుమన్నాడు, ఆ కిసుక్కుకి రోషం తన్నుకొచ్చింది, అక్కర్లేదు సార్, వదినైనా దారినపోయే మనిషైనా నాకు ఒకటే, అనేసింది, మార్కు పడింది అప్పుడే, ఆట తెరవకముందే, నౌక నేల మీంచి లేవకముందే, తొమ్మిది మాత్రం వెయ్యకూడదు అన్న చోట మొదలుపెట్టి మెట్టు మెట్టు దిగుతూ ఐదు దగ్గర ఆగింది, ఆ దిగడానికి నిష్పక్షపాతం అని పేరు పెట్టుకుంది, ఎంత సిగ్గులేని పని.

పైగా తొందర, ఆటను మొదటి నుంచి ఆడుతూ కొత్త భాగానికి రమ్మని ఆట చేసినవాళ్ళు చెప్పే పంపారు, మొదటి నుంచి అంటే ఎప్పటికి అవుతుంది, అందరికంటే ముందు తన వ్యాసం రావద్దూ, పాత సేవ్, అంటే ఎప్పుడో ఆడి ఆపిన చోటు, తెరిచి నేరుగా కొత్త గ్రహం మీద దిగిపోయింది, ఆ పాత ఆటలో తను ఎప్పుడో చేసిన పని గుర్తుంటేగా, మంచు చందమామ మీద నౌక పాడైనప్పుడు, గాలి అందరికీ చాలదు, ఎవరిని వదిలేస్తావు, అని తెర మీద అడుగుతుంది, అన్నం చల్లారిపోతోందనో ఏమో ఆమె మేస్త్రిని నొక్కేసి లేచిపోయింది, మేస్త్రి అంటే నౌకలో మరమ్మతులు చేసే ముసలాయన, ఎప్పుడూ ఏదో ఒకటి బిగిస్తూ, ఇంకో చుట్టు తిప్పమ్మా, అప్పుడే వదలకు, అని గొణుగుతుంటాడు, బిగించడం అయ్యాక స్పానరుతో టక్ టక్ మని తడతాడు, ఇక భయం లేదు బయల్దేరండి అని దానర్థం, తుపాకీ పట్టలేడు, బరువు మొయ్యలేడు, యుద్ధం వస్తే అడ్డం, వదిలేసింది, వదిలేసిన సంగతి కూడా మర్చిపోయింది, ఈ కొత్త భాగమంతా ఆయన కథేనని ఎవరు కలగన్నారు, అది ఆయన పుట్టిన గ్రహం, ఆయన పక్కన ఉంటేనే అక్కడ తలుపులు తెరుస్తారు, ఆమెకి ఒక్క తలుపూ తెరుచుకోలేదు, ఇసుక, గాలి, రేడియోలో గరగర, గరగర మధ్యలో ఏదో చప్పుడు తగులుతుంటే ఇయర్‌ఫోను వదులైందేమోనని పీకి మళ్ళీ పెట్టింది, తర్వాత కూర్చుని రాసింది, ఎవరూ లేని గ్రహం, ప్రాణం లేని రచన, శబ్దంలో కూడా లోపాలు.

ఎవరూ లేని గ్రహం, ఆ మాట ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయింది కూడా, మిగతా విమర్శకులు దాన్ని ఎత్తుకున్నారు, కాస్త అటూ ఇటూ తిప్పి వాడుకున్నారు, వాళ్ళలో ఎంతమంది ఆడారో ఎంతమంది ఆమె వ్యాసాన్ని ఆడారో దేవుడికే తెలియాలి, తీరా ఆట జనం చేతికి వెళ్ళాక వ్యాసం కింద ఒకరు రాశారు, మేస్త్రి చెల్లెలు తలుపు తీసే చోట ఏడుపు ఆపుకోలేకపోయాను, మీరు ఏ ఆట ఆడారండీ, అని, ఏ చెల్లెలు, ఏ తలుపు అనుకుంది ఆమె, మళ్ళీ మొదటి నుంచి ఆడింది, మంచు చందమామ దగ్గర ఈసారి మేస్త్రిని కాదని సైనికుడిని వదిలింది, కొత్త గ్రహంలో ఆ ముసలాయన తలుపు కొడితే, ముగ్గుబుట్టలాంటి తల ఉన్న చెల్లెలు తీసి, వచ్చావా, కాళ్ళు కడుక్కుని రా, అంది, అంతే అంది, ఎక్కడికి పోయావని అడగలేదు, ఆమె ఆట ఆపేసింది, తొమ్మిది, సినిమా పేజీ వాడు చెప్పిన తొమ్మిదే, ఇంకా ఎక్కువే.

చుయ్యిమంటోంది ఇస్త్రీ పెట్టె, చొక్కా చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి మిగిలింది, అది అయ్యేలోగా చెప్పెయ్యాలి, వదినా నేను పాత సేవ్‌తో ఆడాను, వదినా నేను ముందే మార్కు వేసుకుని ఆడాను, చివరికి నోట్లోంచి, వదినా, చందమామ మీద నేను, అని మాత్రం వచ్చి ఆగిపోయింది, వదిన ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, మేస్త్రిని వదిలేసి వచ్చావు, తెలుసు, అంది, ఎలా తెలుసు వదినా, అంది ఆమె, శబ్దంలో లోపాలున్నాయని రాశావుగా పిల్లా, ఆ గరగర ఆయన్ని వదిలి వచ్చినవాళ్ళకే వినపడుతుంది, అది కూడా నేనే రాశాను, శబ్దాల అబ్బాయి వద్దన్నా పట్టుబట్టి పెట్టించాను, ఆయన చచ్చిపోలేదు, చందమామ మీద పాత రేడియో ఒకటి బాగుచేసుకున్నాడు, నోరు గడ్డకట్టుకుపోయింది, మాట్లాడలేడు, అందుకని స్పానరుతో తడుతుంటాడు, అంది వదిన.

టక్ టక్, అంటే ఆ ఇయర్‌ఫోను చప్పుడు, తను పీకి పారేసి మళ్ళీ పెట్టుకున్న ఆ చప్పుడు, ఆయన్ని వదిలేశామని తిట్టడానికా వదినా, అని అడిగింది, ఛ, వదిలి వెళ్ళినవాళ్ళు కుమిలిపోతుంటారు కదా, వాళ్ళకోసం, ఇక భయం లేదు బయల్దేరండి అని, అంది వదిన, మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది, ఆమె కన్నీళ్ళు టీలో పడ్డాయి, కప్పు కింద పెట్టి అక్కడే, వదిన ముందే, కత్తెరకి ఫోన్ చేసింది, సార్, నా వ్యాసం తీసెయ్యండి, ఇప్పుడే, నేను ఆట సరిగ్గా ఆడలేదు, మా వదిన ఆట కదాని పంతానికి పోయి మార్కు వేశాను, ఆ రెండు ముక్కలూ నా పేరుతోనే వెయ్యండి, ఆట వేరేవాళ్ళకి ఇవ్వండి, అవతల కత్తెర, ఉద్యోగానికి ముప్పమ్మా ఇది, అన్నాడు, తెలుసు సార్ అంది, వంటింట్లో అన్నయ్య గిన్నెల చప్పుడు ఆగిపోయింది, రేపటి మీటింగుకి ఇది అందుతుందో లేదో, అందినా సగటు లేస్తుందో లేదో, ఎవరు చెప్పగలరు, వదిన చొక్కాను హ్యాంగరుకి తగిలించి, వచ్చి పక్కన కూర్చుని, ఆమె భుజం మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది, అప్పుడు తెలిసింది ఆమెకి, కుక్కరు మూత మీద, సూట్‌కేసు మీద, కుర్చీ వీపు మీద ఇన్నేళ్ళుగా వింటున్న చప్పుడే మేస్త్రి స్పానరు చప్పుడని, తను వదిలేసి వచ్చింది ఎవరినో, ఎవరూ లేరని రాసిన చోట ఎవరు ఉన్నారో.